మీరు వచ్చేదాకా బస్సు కదలదు

ఆ బస్టాండులో మైకాయన అంటే తెలియని కుక్క కూడా లేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతమిచ్చే గుమాస్తా కూడా "మైకాయన వచ్చాడా?" అనే అడిగేవాడు. మనిషిని చూస్తే ఏముంది, ఎండిపోయిన బెండకాయలా ఉండేవాడు. నోరు తెరిస్తే మాత్రం, అబ్బో! ఆ గొంతు వేరే ఎవరి ఒంట్లోంచో వస్తున్నట్టుండేది. "ఇంత మనిషిలో అంత గొంతు ఎక్కడ దాచావయ్యా?" అని డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు.

మొదట్లో ఆయన పని బస్సులు కడగడం. ఒకనాడు ఒకావిడ పసిపిల్లను సీట్లో పడుకోబెట్టి నీళ్ళకోసం దిగింది. ఆవిడ తిరిగొచ్చేసరికి బస్సు గేటు దాటిపోయింది. ఆ పూట మైకు చెడిపోయి ఉంది. అందరూ "అయ్యో అయ్యో" అంటూ చేతులు పిసుక్కుంటుంటే, ఈయన చేతిలో చీపురు చేతిలోనే ఉండగా "ఆపండీ!" అని ఒక్క కేక పెట్టాడు. బస్సు రోడ్డు మలుపు దగ్గర ఠక్కున ఆగింది. "బ్రేకు నేను వెయ్యలేదు బాబూ, ఆ కేక విని నా కాలే వేసేసింది" అని డ్రైవరు చాలా రోజులు చెప్పుకుని నవ్వాడు. స్టేషన్ మేనేజరు ఈయన చేతిలోంచి చీపురు తీసేసి మైకు ముందు కూర్చోబెట్టాడు.

అక్కడినుంచి ఆయనదే రాజ్యం. మిగతా చోట్ల మైకు ముందు కూర్చునేవాళ్ళు అప్పుచ్చుకున్న మాట తిరిగిస్తున్నట్టు చదివేస్తారు. ఈయన అలా కాదు. "నీలం సంచీ పెద్దమ్మగారూ, మీ బస్సు ఇటు కాదు, వెనకుంది, కంగారు పడకండి, పడిపోతారు" అనేవాడు. ఎవరి పిల్లాడు తప్పిపోయినా ముందు ఆ పిల్లాడితో రెండు జోకులు వేయించి, తర్వాతే తల్లిని పిలిచేవాడు. ఏడుస్తూ పరిగెత్తుకొచ్చిన తల్లి కూడా నవ్వుతూ వెళ్ళేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఆ బస్టాండు మటుకు అలాగే అయింది.

ఇంట్లో మాత్రం మనిషి మూగనోము పట్టినట్టుండేవాడు. గొంతు అన్నం పెడుతోంది కదా, దాన్ని ఇంట్లో ఖర్చుపెడితే ఎలా అని ఆయన లెక్క. ఉప్పు కావాలంటే వేళ్ళు నలిపి చూపేవాడు, నీళ్ళు కావాలంటే బొటనవేలు ఎత్తేవాడు. భార్య బట్టలు కుట్టేది. మాటకు మాట అనగల మనిషి ఆవిడ. "ఊరందరికీ ఊరేగింపులా మాట్లాడతారు, పెళ్ళాం దగ్గరకొచ్చేసరికి సైగలా? నేనూ ఒక టికెట్టు కొనుక్కుంటే నాతోనూ మాట్లాడతారేమో!" అనేది. ఆయన నవ్వి, గొంతు మీద వేలు పెట్టి చూపించి, ముసుగు తన్ని పడుకునేవాడు.

ఆ ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే. మైకు గొట్టం ఇటు తిరిగి ఉండడం వల్ల ప్రతి మాటా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేది. ఆయన గొంతు వినపడగానే ఆవిడ కుట్టుమిషను చక్రాన్ని అరచేత్తో ఆపేది. ఏ బస్సు ఎటు పోతే ఆవిడకేం? అయినా ఆపేది. మాట అయిపోయాక మళ్ళీ తొక్కేది. ఇలా ఆవిడ కాపురం సగం ఆ కిటికీ దగ్గరే గడిచింది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇక హోటలాయన. బస్టాండు గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల అతని హోటలు. ఎప్పుడు చూసినా నవ్వుమొహం. వచ్చినవాళ్ళనల్లా "రండి బావగారూ" అనేవాడు, ఆడవాళ్ళయితే "రా చెల్లెమ్మా" అనేవాడు. వరసలు కలపడంలో అతన్ని మించినవాడు లేడు. ఒకరోజు మైకాయన పక్కన చేరి, "బావా, దూరం బస్సులు వచ్చి ఆగినప్పుడు మా హోటలు సంగతి ఒక్క ముక్క చెప్పకూడదూ? నీ తిండి సంగతి నేను చూసుకుంటా. గొంతుకు మంచిదని రోజూ వేడి పాలు కూడా ఇస్తా" అన్నాడు. బస్టాండు మైకులో బస్సుల మాట తప్ప ఇంకో మాట చెప్పకూడదని రూలు. చెప్తే ఉద్యోగం ఊడుతుంది. కానీ మేనేజరు తనూ అదే హోటల్లో తింటాడాయె, వినీ విననట్టు ఊరుకున్నాడు. మైకాయనకు అది తప్పనిపించలేదు. ఆకలితో దిగినవాళ్ళకు అన్నం ఎక్కడుందో చెప్తే పాపమా అనుకున్నాడు.

ఆ చెప్పడం కూడా ఎంత బాగా చెప్పేవాడనీ! "ప్రయాణికులకు మనవి. దూరం నుంచి వచ్చారు, అలసిపోయి ఉంటారు. ఎదురుగా హోటల్లో వేడి భోజనం ఉంది. తొందర లేదమ్మా, నెమ్మదిగా తినండి. నేనిక్కడే ఉన్నాను. మీరు వచ్చేదాకా బస్సు కదలదు." ఈ మాట వినగానే, దిగాలా వద్దా అని ఊగుతున్నవాళ్ళు కూడా చెప్పులు వేసుకునేవాళ్ళు. హోటలాయన ఒక మధ్యాహ్నం ఈ మాటలన్నీ తన ఫోనులో రికార్డు చేయించుకున్నాడు. "నువ్వు సెలవు పెట్టిన రోజు పనికొస్తుంది బావా" అన్నాడు. ఈయన మురిసిపోయి, మొదటిసారి సరిగ్గా రాలేదని రెండోసారి కూడా చెప్పాడు.

మైకాయన తిండి తీరు ఒకటి చెప్పాలి. రెండు బస్సుల మధ్య దొరికే వ్యవధిలో రోడ్డు దాటి, గబగబా నాలుగు ముద్దలు మింగి, చివర్లో పాలగ్లాసు నిలబడే ఎత్తి గడగడా తాగేసి, మూతి తుడుచుకుంటూ మైకు దగ్గరకు పరిగెత్తేవాడు. ఊరందరికీ నెమ్మదిగా తినమని చెప్పేవాడు ఏనాడూ నెమ్మదిగా తినలేదు. ఆ సంగతి హోటలాయనకు బాగా తెలుసు.

కొన్నాళ్ళకు హోటల్లో పాచి పదార్థాలు కలపడం మొదలైంది. నిన్నటిది ఇవాళ, మొన్నటిది రేపు. బస్సెక్కి వెళ్ళిపోయేవాడు మళ్ళీ వచ్చి అడుగుతాడా అని ధైర్యం. ఒక రోజు అక్కడ తిన్న ముసలావిడ ఒకావిడ రోడ్డు దాటొచ్చి, మైకు గది కిటికీ చువ్వలు పట్టుకుని కక్కుకుని కుప్పకూలిపోయింది. ఆవిడ వెనక ఇంకొందరు. ముసలావిడ నోట మాట రాక ఆయన వైపే చూసింది. ఆయన మాట విని వెళ్ళి తిన్న మనిషి కదా. మైకాయనకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మైకు అందుకుని, "ప్రయాణికులకు మనవి. ఎదురుగా హోటల్లో ఈ రోజు ఎవరూ తినకండి. తిన్నవాళ్ళు ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే బస్సు దగ్గరికి!" అన్నాడు.

బస్టాండంతా గొల్లుమంది. హోటల్లో చేయి ముద్దలో ఉన్నవాళ్ళు కూడా లేచిపోయారు. హోటలాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు. "ఏం బావా, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?" అని రోడ్డు ఇవతలికి వినపడేలా అని, తనే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి మైకాయన, పోన్లే, మనసులో పెట్టుకోలేదు అనుకున్నాడు. వెర్రిబాగులవాడు!

మర్నాడు భోజనానికి వెళ్ళాలా మానాలా అని తటపటాయిస్తుంటే హోటలాయనే చెయ్యి ఊపి పిలిచాడు. "నిన్నటి సరుకంతా పారబోయించా బావా. నువ్వు చెప్పి మంచి పని చేశావు" అన్నాడు. ఎప్పుడూ గల్లా వదలని మనిషి ఆరోజు స్వయంగా లోపలికి వెళ్ళి పాలగ్లాసు పట్టుకొచ్చాడు. పైన నురగ, దండిగా పంచదార. ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూడా అదే గిన్నెలోని పాలు తాగుతున్నారు. బస్సు హారను కొడుతోంది. "తాగు బావా, చల్లారిపోతుంది. ఇక నీ గొంతుకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు హోటలాయన. మైకాయన నిలబడే గ్లాసెత్తి, అలవాటు ప్రకారం గడగడా పోసుకున్నాడు.

అందులో ఉన్నది గిన్నెలు తోమే తొట్టిలో నీళ్ళు పోనప్పుడు తూములో వేసే కాస్టిక్ పొడి.

మొదట వేడి అనుకున్నాడు. తర్వాత నిప్పు అనుకున్నాడు. తర్వాత ఏమీ అనుకోలేదు, నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. కేక పెట్టబోతే కేక రాలేదు. ఒకప్పుడు బస్సును మలుపులో ఆపిన గొంతులోంచి కొలిమి తిత్తిలో గాలి లాంటి చప్పుడు వచ్చింది. పెదాల పక్కన నురగ ఎర్రగా దిగింది. హోటలాయన "అయ్యో బావా! ఏమైంది బావా!" అని తల ఒళ్ళో పెట్టుకుని అందరికంటే పెద్దగా ఏడ్చాడు. ఈలోగా ఎవరో గ్లాసు తీసుకెళ్ళి కడిగేశారు.

ఆసుపత్రిలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. "మాట పుట్టే చోట మాంసం ఉడికిపోయిందమ్మా. ప్రాణం దక్కింది. మాట రాదు. తిండి కూడా ఇక జావలాంటిదే." భార్య "ఎప్పటికి వస్తుందండీ?" అని అడిగింది. డాక్టరు మళ్ళీ అదే మాట చెప్పాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. మంచం మీద ఉన్నాయన వినలేక గోడవైపు తిరిగాడు.

పోలీసులు వచ్చారు. గిన్నెలు తోమే ఆవిడ మొదటిరోజు, "చెంచాతో తీసుకెళ్ళడం చూశాను బాబూ, నా పొడి డబ్బాలోంచే" అని ఏడ్చింది. రెండోరోజు, "నేను వెనక్కి తిరిగి ఉన్నాను, నాకేం తెలీదు" అంది. పనిలోంచి తీసేస్తే ఎవరు పెడతారు ఆవిడకు? కడిగిన గ్లాసులో పొడి మిగిలిపోయి ఉంటుందని, పొరపాటని రాసుకుని, అజాగ్రత్త కేసు ఒకటి పెట్టి పోలీసులు చేతులు దులుపుకున్నారు.

కొన్ని నెలలకు మైకాయన మళ్ళీ బస్టాండుకు వచ్చాడు. మేనేజరు జాలిపడి వెనకవైపు సామాన్ల గదిలో పని ఇచ్చాడు. కిటికీ లేని గది. మూటలు దించడం, ఎక్కించడం. అది చాలనుకునేవాడేమో పాపం. కానీ మొదటిరోజు గేటు దగ్గరకు రాగానే తన గొంతు తనకే వినపడింది.

"తొందర లేదమ్మా, నెమ్మదిగా తినండి. నేనిక్కడే ఉన్నాను. మీరు వచ్చేదాకా బస్సు కదలదు."

హోటలు గుమ్మం మీద కొత్తగా చిన్న స్పీకరు పెట్టెను బిగించారు. ఫోనులో చెప్పించుకున్న మాట పొద్దుటినుంచి రాత్రిదాకా తిరుగుతూనే ఉంది. దాని కింద హోటలాయన నిలబడి, "బావా, నీ గుర్తుగా పెట్టుకున్నానయ్యా! నువ్వు లేకపోయినా నీ మాట మాకు అన్నం పెడుతోంది" అన్నాడు నవ్వుతూ. జనం లోపలికి వెళుతూనే ఉన్నారు. అదే గొంతు పిలుస్తోంది, అదే గొంతును కాల్చిన చోటికి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదీ. మైకాయన ఆ రోజునుంచి ముందు గేటు వదిలేసి వెనక గోడ సందులోంచి రావడం, పోవడం మొదలుపెట్టాడు. ఆ చిన్న పెట్టె చప్పుడు సామాన్ల గదిదాకా రాదు, వెనకవీధిలో ఇంటిదాకా అసలే రాదు. అయినా నిద్రలో కూడా చెవులు మూసుకునేవాడు.

భార్య ఊరుకునే మనిషి కాదు. జాకెట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ ఉంటే, కొలతలు తీస్తూ తీస్తూ కథంతా చెప్పింది. లాయరమ్మ చేతులెత్తి నిలబడే మొత్తం విని, "పోలీసు కేసు ఒక్కటే దారి కాదు. తిండిలో కావాలని ఏదైనా కలిపితే తిన్నవాడు వినియోగదారుల ఫోరంలో కూడా కేసు వెయ్యొచ్చు. రెండూ ఒకేసారి నడవచ్చు. రేపు ఆయన్ని పంపించండి" అంది.

జిరాక్సు షాపు పైనున్న లాయరమ్మ గదికి మైకాయన ఒక్కడే వెళ్ళాడు. ఆవిడ అడుగుతుంటే ఆయన కాగితం మీద రాశాడు. "గ్లాసు కడిగేశారు, చూసినావిడ మాట మార్చింది, ఎలా నిరూపిస్తాం?" అని రాశాడు. లాయరమ్మ పెన్ను బల్లకేసి కొట్టి, "ఆ గిన్నెలోని పాలే డ్రైవర్లు తాగారు, వాళ్ళకేం కాలేదు. కడిగిన గ్లాసులో మిగిలిపోయేది చిటికెడు. మీ కడుపులోంచి తీసి పరీక్షకు పంపిన దాంట్లో తేలింది చెంచా నిండా. అది పొరపాటున పడే పొడి కాదు, ఎవరో కలిపింది" అంది. ఆయన కళ్ళు మెరిశాయి. "ఏమేం అడగమంటారు మరి?" అంది. మైకాయన ఆలోచించకుండా రెండు ముక్కలు రాశాడు. వాడు కలిపానని ఒప్పుకోవాలి. వాడి గుమ్మం మీద నా గొంతు ఆగిపోవాలి.

రెండో ముక్క కింద గీత కూడా గీశాడు. ఇంటికెళ్ళి కేసు వేస్తున్నారని భార్యకు సైగ చేశాడు గానీ, ఏమడిగాడో చెప్పలేదు. ఆయన ఇంట్లో ఏనాడు అన్నీ చెప్పాడు గనక!

ఆ రోజుల్లో ఆవిడ సాయంత్రం కాగానే, "దారం అయిపోయిందండీ, ఇప్పుడే వస్తా" అని బజారుకు వెళ్ళేది. వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటేది. కుట్టుపని పెరిగింది కాబోలు అనుకునేవాడాయన.

ఫోరంలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన జడ్జిగారు. హోటలు తరఫు లాయరు లేచి ఒకే ఒక్క మాట వేశాడు. "ఈయన అసలు వినియోగదారుడే కాదండి. ఏనాడైనా బిల్లు కట్టాడా? ఒక్క రసీదు చూపించమనండి." పక్కనే హోటలాయన చేతులు కట్టుకుని నిలబడి, "బావా అని పిలిచినవాడికి బిల్లు వేస్తామా అండీ? ఇంటిమనిషిలా చూసుకున్నాను. ప్రేమతో పాలిస్తే నా మీదే కేసు పెట్టాడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. కాదనడానికి మైకాయన నోరు తెరిచాడు. ఎంత తెరిచినా ఏముంది? గాలి వచ్చింది. గదిలో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

బయటికొచ్చాక లాయరమ్మ మెట్లమీద కూలబడింది. "కొన్నవాడికే ఈ హక్కు. ఊరికే పెడితే తిన్నవాడికి లేదు. కానీ కొనడమంటే డబ్బే ఇవ్వక్కర్లేదు, తిండికి బదులు పని చేసినా కొన్నట్టే. మీరు వాళ్ళ హోటలు గురించి మైకులో చెప్పినందుకే తిండి పెట్టేవాడు కదా. ఆ మాట మీరు రాసి సంతకం పెడితే మనం గెలుస్తాం" అంది. అని ఆగి, "అది చూసిన మర్నాడే మీ ఉద్యోగం పోతుంది. మైకు అమ్ముకున్నాడంటారు. ఆలోచించుకోండి" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంట్లో బట్టలు కత్తిరించే బల్ల మీద, గుడ్డకు గుర్తులు పెట్టే సుద్దముక్కతో మైకాయన ఈ సంగతంతా రాశాడు. భార్య నిలబడి చదివింది. చదివి, చీర కొంగుతో బల్లంతా తుడిచేసింది.

"మూటలు మోసే ఉద్యోగం కోసం వాణ్ణి వదిలేస్తారా? నా మిషను తిరుగుతున్నంతకాలం మనకు జావకు కరువు లేదు. సంతకం పెట్టండి" అంది. "ఇన్నేళ్ళూ మీరేం చెప్పినా ఊరు వింది. ఈ ఒక్క మాటా వినకుండా పోకూడదు."

ఆయన సంతకం పెట్టాడు. లాయరమ్మ చెప్పినట్టే జరిగింది. అదే హోటల్లో తిని, ఇన్నాళ్ళూ విని ఊరుకున్న మేనేజరే, "బస్టాండు పరువు తీశావు కదయ్యా!" అని నీతులు చెప్పి మరీ గెంటేశాడు. మైకాయన సామాన్ల గది తాళం బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ ఒకసారి మైకు గదివైపు చూసి వచ్చేశాడు.

చివరి వాయిదానాడు హోటలు లాయరు ఇంకా మొండికేశాడు. మైకులో చెప్పడం గిప్పడం అంతా కట్టుకథ అన్నాడు. లాయరమ్మ తాపీగా లేచి, "గుమ్మం మీద ఇవాళ పొద్దున కూడా మోగుతున్నది ఎవరి గొంతండీ? ఇంటిమనిషి గొంతుతో వ్యాపారం చేసుకుంటారా?" అని, హోటలాయన ఫోనే తెప్పించి అందులోని రికార్డు వినిపించింది. తొందర లేదమ్మా అంటూ ఆ గొంతు ఫోరం గదంతా నిండిపోయింది. జడ్జిగారు మూగగా నిలబడ్డ మనిషినీ, ఫోనునూ మార్చి మార్చి చూశారు. హోటలాయన నవ్వు మొదటిసారి కాస్త బిగుసుకుంది. మైకాయన చెవులు మూసుకుని నేలచూపులు చూస్తున్నాడు. పక్కన భార్య తలెత్తి, కళ్ళు మూసుకుని వింటోంది. ఆయన అది చూడలేదు.

తీర్పు ఈయన వైపే వచ్చింది. తిండికి బదులు మాట ఇచ్చాడు గనక ఈయన వినియోగదారుడే. ఆ ఒక్క గ్లాసులోనే అంత పొడి ఉంది గనక అది పొరపాటు కాదు, కావాలని చేసిన పని. నష్టపరిహారం కట్టాలి, క్షమాపణ రాసివ్వాలి. ఫిర్యాదీ కోరిన ప్రకారం ఆయన గొంతు ఉన్న రికార్డును హోటలు వాడకూడదు, ఫోరం మనిషి ఎదుట పూర్తిగా చెరిపేయాలి. ఇంగ్లీషులో గబగబా చదివేసిన ఆ ఆఖరి వాక్యం భార్యకు అర్థం కాలేదు. గెలిచామని లాయరమ్మ చెయ్యి నొక్కితే అదే చాలనుకుంది.

వరండాలో హోటలాయన దగ్గరగా వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి, ఫోటోకి నిలబడ్డట్టు నవ్వుతూ, చెవిలో మెల్లగా అన్నాడు. "పొడి కలిపింది నేనే బావా. కానీ సగమే చంపాను. మిగతా సగం గుమ్మం మీద బతికే ఉంది. దాన్ని నువ్వే చంపించుకుంటున్నావు." చుట్టూ బోలెడంతమంది ఉన్నారు. ఒక్కరికీ వినపడలేదు. మైకాయన చెయ్యి విదిలించుకుని అరవబోయాడు, దగ్గొచ్చింది. హోటలాయన వీపు రాసి, "నీళ్ళు, నీళ్ళు!" అని అందరినీ పిలిచాడు.

అమలుకు ఫోరం మనిషి ఒక సాయంత్రం వచ్చాడు. మైకాయన ఉతికిన చొక్కా వేసుకుని చాలా కాలం తర్వాత ముందు గేటువైపు నడిచాడు. ఉద్యోగం పోయింది, మాట పోయింది, ఈ ఒక్కటీ కళ్ళారా చూడాలనుకున్నాడు. ఫోరం మనిషి కాగితాలు పట్టుకుని రోడ్డు దాటి హోటలువైపు వెళ్ళాడు. మైకాయన ఇవతలే ఆగాడు, దగ్గరికెళ్ళి ఆ మొహం చూడడం ఇష్టం లేక.

ఆ పక్కనే కొత్తగా పెట్టిన దారాలు, గుండీల కొట్టు. కొట్టు అరుగు మీద ఒకావిడ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఒళ్ళో దారపు ఉండల పొట్లం. అవతల గుమ్మం మీద పెట్టె మోగుతోంది. "దూరం నుంచి వచ్చారు, అలసిపోయి ఉంటారు" అని పెట్టె అంటే, ఆవిడ అవునన్నట్టు తల ఊపింది.

తన భార్య.

కొట్టాయన సుద్దముక్కలు సర్దుతూ, ఈయనెవరో ఎరగక ఈయనతోనే అన్నాడు. "రోజూ ఇంతే నండీ. ఒక ఉండ కొంటుంది, దీపాలు పెట్టేదాకా ఇక్కడే కూర్చుంటుంది. ఏంటమ్మా అంటే, ఇంట్లో ఏనాడూ నాతో ఇంతసేపు మాట్లాడలేదన్నయ్యా, ఇప్పుడు మాట్లాడుతున్నారు అంటుంది. పిచ్చిది పాపం."

ఇంట్లో రేకు డబ్బా మూత పట్టనన్ని దారపు ఉండలు మైకాయన కళ్ళ ముందు మెదిలాయి. ఒకదానికీ చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

అవతల హోటలాయన నవ్వుతూ ఫోను ఫోరం మనిషి చేతికిచ్చాడు. ఫోరం మనిషి ఫోను మీద వేలు పెట్టి, చెరపమంటారా అన్నట్టు రోడ్డు మీదుగా ఇటు చూశాడు. మైకాయన రెండు చేతులూ ఊపుతూ ముందుకు దూకాడు. చెరపమంటున్నాడో చెరపొద్దంటున్నాడో అవతలివాడికి ఏం తెలుస్తుంది? సరేనన్నట్టు తలాడించాడు. మధ్యలోంచి ఒక బస్సు అడ్డంగా వచ్చింది. మైకాయన ఉన్న బలమంతా కూడదీసుకుని, నరాలు ఉబ్బేలా, "ఆపండీ!" అని కేక పెట్టాడు. పక్కనున్న కొట్టాయనకు కూడా వినపడలేదు.

"తొందర లేదమ్మా, నెమ్మదిగా తినండి. నేనిక్కడే ఉన్నాను. మీరు వచ్చేదా"

అంతే. బస్సు వెళ్ళిపోయింది. ఫోరం మనిషి కాగితం మీద పని పూర్తయిందని రాసుకుంటున్నాడు.

ఆవిడ కాసేపు చెవి ఒగ్గి అలాగే కూర్చుంది, మళ్ళీ మొదలవుతుందని. తర్వాత లేచి ఇటు తిరిగింది. ఆయన్ని చూసి దొరికిపోయినదానిలా సిగ్గుపడి, పొట్లం వెనక్కి దాచుకుంది.

"ఎవరాపించారండీ దాన్ని?" అని అడిగింది.

మైకాయన జేబులో సుద్దముక్క ఉంది. రాయడానికి చుట్టూ ఏమీ లేదు. నేనే అన్నట్టు చెయ్యి ఎత్తి తన గుండె మీద పెట్టుకున్నాడు.

ఆవిడ ఆ చేతివైపు చూసింది. కొట్టు దగ్గరకు వెళ్ళి, పొట్లం అరుగు మీద పెట్టింది.

"ఇది వెనక్కి తీసుకో అన్నయ్యా" అంది. "రేపట్నుంచి నాకు దారం అక్కర్లేదు."